చలికి విత్తనం మొలవట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ముందు అది చలి పనేనా కాదా తేల్చుకోవాలి. విశాఖ నగరంలో, భీమిలి తీరంలో జనవరిలో కూడా చాలా రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగవు. అక్కడ మేడమీద కుండీలో బీర, సొర మొలవకపోతే పాత విత్తనమో, నీరు ఎక్కువైందో అయి ఉంటుంది. అరకు, పాడేరు, లంబసింగి సంగతి వేరు. అక్కడ రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకు పడిపోతాయి. మొక్కజొన్న, రాజ్‌మా, టమాటాలకు నేల 10-12 డిగ్రీల కంటే చల్లబడితే మొలక దాదాపు ఆగిపోతుంది.

అనుమానం ఉంటే 100 గింజలు తడిగుడ్డలో చుట్టి ఇంట్లో వెచ్చని చోట పెట్టండి. వారంలో 80కి పైగా మొలిస్తే విత్తనం మంచిదే.

గింజ నేలలోనే మెత్తబడి కుళ్లింది

ఎక్కువ నష్టం ఇక్కడే. బాగా ఎండిన గింజ చన్నీటిని ఒక్కసారిగా పీల్చుకుంటే కణాల పొరలు సర్దుకోలేవు. లోపలి చక్కెరలు బయటికి కారతాయి, వాటికోసం నేలలోని బూజు తెగుళ్లు చేరతాయి. విత్తిన తొలి రోజే ఈ దెబ్బ తగులుతుంది. తర్వాత ఎండ కాసినా గింజ కోలుకోదు.

దీనికి విరుగుడు విత్తనశుద్ధి, అంటే విత్తే ముందే గింజను చలికి సిద్ధం చేసి మందు పట్టించడం. మొక్కజొన్నకైతే చలిని తట్టుకునేలా చేసే శాలిసిలిక్ ఆమ్లం లీటరు నీటికి 50 మిల్లీగ్రాములు చాలు. అది తొందరగా కరగదు, ముందు కాస్త వేడినీటిలో కలిపి తర్వాత మిగతా నీళ్లు పోయాలి. కిలో విత్తనానికి 5 లీటర్ల ద్రావణం, ఒక రాత్రి, అంటే 12 నుంచి 16 గంటలు, గది వెచ్చదనంలో. తీసి నీడలో ఆరబెట్టాలి. నానబెట్టక ముందు కిలో ఉన్నది ఆరాక కూడా కిలోకు దగ్గరగా రావాలి. ఆపై కిలోకు 3 గ్రాముల థైరమ్ (బూజు మందు) పట్టించి, రెండు మూడు రోజుల్లో విత్తేయాలి. శాలిసిలిక్ ఆమ్లం బదులు ఆస్పిరిన్ మాత్రలు నూరి కలపడం వద్దు, మోతాదు తెలియదు. ఆమ్లం ఎక్కువైతే మొలకే ఆగుతుంది.

రాజ్‌మాను మాత్రం నీళ్లలో నానబెట్టకండి, పప్పుబద్దలు అడ్డంగా పగులుతాయి. తడిపి పిండిన గోనెసంచిలో ఒక రాత్రి ఉంచితే గింజ మెల్లగా తేమ పట్టుకుంటుంది. విత్తాక వెంటనే చల్లని నీటి తడి ఇవ్వొద్దు.

మందు పట్టించినా మొలవలేదు

మూడు చోట్ల చూడండి. రంగు పూసిన హైబ్రిడ్ విత్తనాన్ని నానబెట్టారా? కంపెనీ పట్టించిన మందు కడిగేసుకుపోయినట్టే. అలాంటి విత్తనం పొడిగానే వేయాలి. నానినప్పుడు వేరు మొన తెల్లగా బయటికొచ్చాక ఆరబెట్టారా? ఆ వేరు చచ్చిపోతుంది. కార్బెండజిమ్‌తో పాటు ట్రైకోడెర్మా కలిపారా? మొదటిది బూజును చంపే మందు, రెండోది తెగుళ్లను అణచే మేలు బూజు. మొదటిది రెండోదాన్ని చంపుతుంది.

వరి మండె కట్టినా మొలక రాలేదు

లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి కిలో విత్తనం 24 గంటలు నానబెట్టడం మామూలే. చలిలో తేడా మండె దగ్గర, అంటే నానిన గింజను గోనెసంచిలో మూటకట్టి మొలకెత్తించే దగ్గర వస్తుంది. మామూలు రోజుల్లో చాలిన 24 గంటలు ఇప్పుడు చాలవు, 36 నుంచి 48 పట్టొచ్చు. గోనెసంచిపై మందంగా వరిగడ్డి కప్పి, ఆరితే గోరువెచ్చని నీళ్లే చల్లండి. చేయి పెడితే వెచ్చగా తగలాలి.

మొలిచింది గానీ ఆకులు ఊదాగా, పసుపుగా ఉన్నాయి

చల్లని నేలలో వేళ్లు భాస్వరం తీసుకోలేవు, అందుకే ఊదారంగు. నేల వేడెక్కితే సర్దుకుంటుంది. వరి నారు పాలిపోతే రాత్రి పట్టా కప్పి పొద్దున్నే తీసేయండి. మడిలోని చన్నీటిని తీసి కొత్తనీరు పెట్టండి. ఆకు మొదట్లో ఈనె తెల్లబడి తుప్పుమచ్చలు వస్తే జింకు లోపం, లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేయాలి.

మంచు గడ్డకట్టే రాత్రికి మాత్రం విత్తనశుద్ధి అడ్డుపడదు, అలాంటి చోట విత్తే తేదీయే మార్చుకోవాలి.