రోహిణి ఎండల నుంచి మార్గశిర మంచు వరకు: పెరటి తోటలో సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పెరడు అంటే నూతి గట్టు పక్కన నాలుగు వంగ మొక్కలు, దడికి పాకిన బీర పాదు, పందిరి మీద ఆనప, ఒక మూల మునగ, ఇంకో మూల అరటి. తోట చిన్నదే అయినా, రోహిణి కార్తెలో మొదలయ్యే ఇబ్బందులు మార్గశిరం దాకా ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. వాటిని ఇక్కడ కాలక్రమంలో, కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, దాని కారణాన్నీ ఆ తర్వాత చేయవలసిన పనినీ వివరిస్తున్నాను. ఒకే లక్షణానికి రెండు మూడు కారణాలు ఉండటం పెరట్లో మామూలే. అందుచేత మందు సీసా మూత తీయడానికి ముందు ఆకును వెనక్కి తిప్పి చూడాలి, మొదలు దగ్గర మట్టిలో వేలు పెట్టి తడి చూడాలి, అవసరమైతే కాండాన్ని కోసి చూడాలి.

టమాటా పూస్తుంది, పిందె కట్టదు (ఏప్రిల్ - జూన్)

మొక్క ఏపుగా ఉండి, పూత గుత్తులుగా వచ్చి, తొడిమతో సహా రాలిపోతుంటే అది తెగులు కాదు. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి వేడి కూడా 24 డిగ్రీల కిందికి దిగని రోజుల్లో టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. పిందె కట్టని పువ్వు రాలిపోతుంది. ఇలాంటప్పుడు యూరియా వేస్తే ఆకు పెరుగుతుందే తప్ప పూత నిలవదు. మధ్యాహ్నపు ఎండ తగలకుండా సగం నీడనిచ్చే షేడ్ నెట్ గానీ పాత నేత చీర గానీ కట్టి, మొదళ్ల దగ్గర నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి పరచి, తెల్లవారుజామున నీరు పెట్టడం వరకే మన చేతిలో ఉన్నది. నా మట్టుకు నేను వేసవి టమాటా మీద ఆశ పెట్టుకోవడం మానేసి, శ్రావణంలో కొత్త నారు పోసుకుంటున్నాను.

మిరప ఆకు ముడుచుకుపోతుంది

ముడత ఏ వైపు ఉందో చూస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు (త్రిప్స్), కిందికి ముడుచుకుని తొడిమ సాగినట్లుంటే నల్లి (కంటికి సరిగా ఆనని మైట్లు). తామర పురుగులకు లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలిసేలా కొద్దిగా సబ్బు నీరు చేర్చి, ఆకు అడుగు భాగం తడిసేలా సాయంత్రం కొట్టాలి. నల్లికి లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది. ఈ రెండింటినీ వెంట వెంటనే కొట్టకూడదు. వాటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. మండుటెండలో గంధకం అసలు వాడకూడదు. ఒక మే నెలలో మిరపకు కలిపిన గంధకం మిగిలిందని పక్కనున్న బీర పాదు మీద కూడా కొట్టాను. మర్నాటికి ఆకులన్నీ పెనం మీద వేసిన అప్పడాల్లా అంచులు మాడి ముడుచుకున్నాయి.

బీర, ఆనప, కాకర: బొటనవేలంత పిందె పసుపు పడి రాలిపోతుంది (జూన్ - సెప్టెంబరు)

ఈ ప్రాంతంలో ఎక్కువమంది అడిగే సమస్య ఇదే. దీనికి రెండు కారణాలున్నాయి, వాటికి చేయవలసిన పనులు పూర్తిగా వేరు. రాలిన పిందెను చేతిలోకి తీసుకుని చూడండి. ఎక్కడా గాటు లేకుండా, పువ్వు ఉన్న కొన వైపు నుంచి సన్నబడి, పసుపు పడి వడలిపోతే దానికి పుప్పొడి అందలేదని అర్థం. పిందె మీద సూదితో గుచ్చినంత చుక్క, దాని మీద గోధుమ రంగు జిగురు బొట్టు ఉండి, చీల్చితే లోపల తెల్లని పురుగులు కదులుతుంటే అది పండు ఈగ పని.

పుప్పొడి అందకపోవడం ముసురు రోజుల్లో ఎక్కువ, ఎందుకంటే వానలో తేనెటీగలు తిరగవు. అప్పుడు ఆ పని మనమే చేయాలి. అయితే వేళ తెలియకపోతే శ్రమ వృథా అవుతుంది: గుమ్మడి, కాకర పువ్వులు ఉదయం విచ్చుకుంటాయి, బీర, ఆనప పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. ఉదయం కాఫీ తాగి తీరికగా వెళ్లి ఆనప పువ్వుకు పుప్పొడి రాసేవారికి ఫలితం దక్కకపోవడానికి కారణం ఇదే. దీపాలు పెట్టే వేళకు వెళ్లి, సన్నని కాడ మీద ఉన్న మగ పువ్వును కోసి, రేకులు వలిచి, మధ్యనున్న పుప్పొడి కాడను పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెత్తగా రెండు మూడు సార్లు తాకించాలి. మగ పువ్వు ఒకటి రెండు ఆడ పువ్వులకు సరిపోతుంది. పాదు కొత్తగా పూసినప్పుడు మొదట మగ పువ్వులే వస్తాయి కాబట్టి, తొలి పది పదిహేను రోజుల్లో పూత రాలితే కంగారు పడనవసరం లేదు.

పండు ఈగ విషయంలో మందు కన్నా శుభ్రత ముఖ్యం. పుచ్చిన పిందెలను పెంట కుప్పలో పారేస్తే, వాటిలోని పురుగులు మట్టిలోకి దిగి, కోశస్థ దశ గడిపి, మళ్లీ ఈగలై అదే పాదు మీదికి వస్తాయి. వాటిని ఏ రోజుకారోజు ఏరి, నీళ్ల బాల్చీలో రెండు మూడు రోజులు మూత పెట్టి ఉంచాలి, లేదా మూరెడు లోతున పాతిపెట్టాలి. మంచి పిందెలకు కాగితపు సంచి గానీ పాత పలుచని గుడ్డ గానీ తొడగాలి. ఈగలను పట్టే ఎర బుట్ట కొనేటప్పుడు కొట్టులో ఒక మాట స్పష్టంగా అడగాలి: తీగ కూరగాయల ఈగకు క్యూలూర్ ఎర, మామిడి, జామ ఈగకు మిథైల్ యూజినాల్ ఎర. ఇక్కడి సంతలో ఒడియాలో మాట్లాడే దుకాణదారుకు బీర అంటే అర్థం కాకపోతే జహ్ని అని, ఆనప అంటే అర్థం కాకపోతే లావు అని చెప్తే సరిపోతుంది. ఒక ఎర బదులు మరొకటి ఇంటికి తెచ్చుకుంటే బుట్ట ఖాళీగానే వేలాడుతుంది.

నారు మొదలు దగ్గర నలిగినట్లయి పడిపోతుంది

ఇది నారుకుళ్లు తెగులు. ఒత్తుగా చల్లిన విత్తనం, నిలిచిన తడి దీనికి కారణాలు. నారుమడిని జానెడు ఎత్తున కట్టి, పలుచగా వరుసల్లో విత్తాలి. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పోయాలి. పడిపోయిన నారు మళ్లీ లేవదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికే ఈ మందు.

వంగ మొక్క పచ్చగా ఉండగానే వాలిపోయింది (జులై - సెప్టెంబరు)

నిన్నటి వరకు నవనవలాడిన మొక్క మధ్యాహ్నానికి తలవాల్చి, సాయంత్రం కొంత తేరుకున్నట్లు కనిపించి, రెండు మూడు రోజుల్లో పూర్తిగా కూలిపోతుంది. చాలామంది దాహమేమో అనుకుని ఇంకా నీరు పోస్తారు. ముందు పరీక్ష చేయండి. మొదలు దగ్గర కాండాన్ని వేలెడు పొడవున కోసి, గాజు గ్లాసులో తేటనీరు పోసి, కోసిన కొన మాత్రమే మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో ఆ కొన నుంచి పాలదారం లాంటి తెల్లని పోగు మెల్లగా కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. పోగు రాకుండా, ముందుగా కింది ఆకులు పసుపు పడి, వేళ్లు గోధుమ రంగుకు తిరిగి కుళ్లు వాసన వస్తే, నీరు నిలవడం వల్ల వేరు కుళ్లిందని గ్రహించాలి. దానికి కాలువ తీసి నీటిని పోనిస్తే మిగతా మొక్కలు దక్కుతాయి.

బాక్టీరియా తెగులు పట్టిన మొక్కకు చికిత్స లేదు. చుట్టూ ఉన్న మట్టితో సహా పెళ్లగించి పెరటి బయట తగలబెట్టి, ఆ గుంటలో బ్లీచింగ్ పౌడర్ చల్లాలి. ఆ చోటు నుంచి పారిన వాననీరు తక్కిన మళ్లలోకి పోకుండా అడ్డుకట్ట వేయాలి, ఎందుకంటే ఈ తెగులు నీటి వెంట, పార వెంట, మన చెప్పుల వెంట కూడా ప్రయాణిస్తుంది. అక్కడ కనీసం రెండు మూడేళ్లు వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప నాటకుండా, ఆకుకూరలో మొక్కజొన్నో వేసుకోవాలి. ఇక్కడి ఎర్ర నేలలు చాలావరకు పులుపు (ఆమ్ల) నేలలు కాబట్టి, మట్టి పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులో సున్నం వేయడం మేలు. టమాటాలో అర్క రక్షక్ రకం ఈ తెగులును తట్టుకుంటుంది. వంగ లేకుండా ఉండలేని వారు ఉస్తి అనే వంగ కుటుంబపు అడవి మొక్క మీద అంటుకట్టిన నారు దొరుకుతుందేమో వాకబు చేయాలి.

మునగ మానుకు వానాకాలంలో గుంపుగా అంటుకునే గొంగళ్లను, కర్రకు గుడ్డ చుట్టి సబ్బు నీటిలో ముంచి, పగటిపూటే రాలగొట్టాలి. వాటి నూగు ఒంటికి తగలకుండా చేతులు కప్పుకోవాలి. పెద్ద ఆఫ్రికా నత్తలను చీకటి పడ్డాక తడి గోనెసంచి ఎరగా పెట్టి, చేతికి తొడుగు వేసుకుని ఏరి, ఉప్పునీటి బాల్చీలో వేయాలి. ఉప్పును నేరుగా మడి మీద చల్లితే నత్తతో పాటు నేల కూడా పాడవుతుంది.

తుపాను తర్వాత తోట (అక్టోబరు)

2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అదే తేదీన, 2018లో గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. మూడూ చిత్త కార్తె ప్రవేశించే రోజులే. హెచ్చరిక వినగానే ముదిరిన కాయలన్నీ కోసి, బొప్పాయి పెద్దాకులు నరికి, అరటికి రెండు వెదురు గడలను కత్తెర పోటుగా నిలపాలి. గాలి తగ్గాక ముందు నిలిచిన నీరు తీసి, ఒరిగిన లేత మొక్కలను అదే రోజు నిలబెట్టి మట్టి ఎగదోయాలి. తీరానికి దగ్గరగా ఉన్నవారు ఆకుల మీద పడ్డ ఉప్పు తుంపరను మంచినీటితో కడగాలి. కొత్త చిగురు కనిపించే వరకు ఎరువు వేయకూడదు.

చిక్కుడు పాదు నిండా ఆకే, పూత లేదు

ఆషాఢంలో పెట్టిన పాత రకం చిక్కుడు పందిరి నిండా అల్లుకుని దసరా దాటినా పూయకపోతే, గింజ మంచిది కాదని పీకేసేవారున్నారు. పగలు కురచబడితే గానీ ఆ రకం పూయదు. లోపం గింజది కాదు, తొందర మనది. యూరియా, పేడ నీళ్లు ఆపి, తీగ కొనలు తుంచి వదిలేస్తే, కార్తీకంలో మొగ్గ వేస్తుంది. తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ నీచు ముట్టని నెల అది. ఒక వారం ముందే కాస్తే బాగుండునని మా ఇంట్లో ఏటా అనుకుంటాం.

కాలీఫ్లవర్ పువ్వు బొత్తమంత ఉండిపోయింది (నవంబరు)

ముదిరిన నారు నాటినా, తొలి కాలపు రకాన్ని ఆలస్యంగా నాటినా పువ్వు పెరగదు. నెల దాటిన నారు కొనకండి. పువ్వు పెరిగినా మీద గోధుమ మచ్చలు, కాండం లోపల బోలు ఉంటే అది బోరాన్ లోపం. లీటరు నీటికి ఒక గ్రాము బోరాక్స్ కలిపి, పువ్వు కట్టకముందే పది రోజుల ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి.

చిక్కుడు కొనలకు నల్లగా పేనుబంక (నవంబరు - డిసెంబరు)

చీమలు బారులుగా తీగ ఎక్కుతుంటే లేత కొనల మీద పేనుబంక ఉన్నట్లే. మరీ ఎక్కువగా పట్టిన కొనలను తుంచి కాల్చేయాలి. మిగిలినవాటి మీద, మంచు ఆరకముందే, జల్లించిన కట్టెల పొయ్యి బూడిదను పలుచగా చల్లాలి. ఆకు తడిగా ఉన్నప్పుడే అది అంటుకుంటుంది. పిందెల మీద పడిన బూడిదను కోసిన రోజున కడుక్కుంటే సరిపోతుంది. అయితే ఆకుల మీద తెల్లని పొడి ముందే కనిపిస్తుంటే అది బూడిద తెగులు. వేలితో తుడిచినా రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది. దానికి మాత్రం ఈ చల్లని కాలంలో గంధకం నిర్భయంగా వాడవచ్చు, బీర పాదు జోలికి పోకుండా.