హైదరాబాద్ టు శ్రీశైలం కార్లో వెళ్లేవాళ్లు ముందు టైం చూస్కోండి
శ్రీశైలం రోడ్డుకి ప్లాన్ వేసేటప్పుడు అందరూ గూగుల్ మ్యాప్‌లో గంటలు చూస్తారు, నేనైతే ముందు మన్ననూర్ చెక్‌పోస్ట్ టైం చూస్కోమంటా. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లు వదలరు, ఎందుకంటే అక్కణ్నుంచి దోమలపెంట దాకా దాదాపు 60 కిలోమీటర్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మధ్యలోంచే పోవాలి. పగలు మనది, రాత్రి అడవి జంతువులది, అంతే.

తెల్లారి 5కల్లా బయల్దేరితే హాయిగా ఉంటది. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి, డిండి దాకా మామూలు రోడ్డే, మైసిగండి మైసమ్మకి దండం పెట్టుకుని సాగిపోవడమే. డీజిలో పెట్రోలో అడవి రాకముందే ఫుల్ చేయించండి, లోపల ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు కాబట్టి స్టెప్నీలో గాలి కూడా చూస్కోండి.

మన్ననూర్ దాటాక స్పీడ్ తగ్గించండి ప్లీజ్. మలుపు తిరగ్గానే కోతులు రోడ్డు మీదే కూర్చునుంటాయి, జాలేసి అరటిపండో చిప్సో పడేస్తే రేపు ఇంకో పది వచ్చి అక్కడే కాచుక్కూర్చుంటాయి, వెనకొచ్చే బండి కింద పడేది అవే. ఏం పెట్టొద్దు.

దోమలపెంట తర్వాత డ్యామ్ దాకా ఘాట్ దిగాలి. సెకండ్ గేర్‌లో దిగండి, అదేపనిగా బ్రేకు తొక్కుతూ పోతే అది వేడెక్కి పట్టు వదిలేస్తది. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వండి, వ్యూ కోసం మలుపులో ఆపొద్దు. డ్యామ్ గేట్లు ఎత్తిన టైంలో శని ఆదివారాలు వద్దు, కిలోమీటర్ల కొద్దీ జామ్.

ఇక రోడ్డు సంగతి. ఘాట్ రోడ్డుని ఎక్కువగా పాడుచేసేది నీళ్లే. కొండ వైపు సైడు కాలవలో ఆకులు, రాళ్లు, మనం పారేసిన వాటర్ బాటిళ్లు అడ్డుపడితే వాననీళ్లు తారు మీదకెక్కి అంచుల్ని కోసేస్తాయి, అక్కణ్నుంచే గుంతలు మొదలవుతాయి. వానాకాలం ముందు ఆ కాలవలు తీయడం, కల్వర్టులు శుభ్రం చేయడమే అసలు మెయింటెనెన్స్, కొత్త తారు ఆ తర్వాతే. అందుకే చెత్త సంచి ఒకటి కార్లో పెట్టుకుని మళ్లీ ఇంటికే తెచ్చుకోండి. ఇది నేషనల్ హైవే 765, పెద్ద గుంతో కొండరాయో కనిపిస్తే సిగ్నల్ దొరికిన చోట హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ కొట్టి కిలోమీటరు రాయి నంబర్ చెప్పండి.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం 3కే పెట్టుకోండి, వెలుతురు ఉండగానే అడవి దాటేయొచ్చు.