సెక్కీ డిస్క్ కొలత తేడాగా వస్తోందా? సమస్య - పరిష్కారం

తెరచాప పడవల్లో తిరిగేవాళ్లు సముద్ర శాస్త్రానికి చేయగల అతి చవకైన సాయం ఇది: 30 సెంటీమీటర్ల వ్యాసమున్న తెల్లటి పళ్లెం, కింద బరువు, గుర్తులు పెట్టిన తాడు. 1865లో ఇటలీ తీరాన ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ వాడిన పద్ధతే. పళ్లెం ఎంత లోతులో కనుమరుగైతే అదే సెక్కీ లోతు. తీరానికి దూరపు నీళ్లలో అది తగ్గిందంటే సాధారణంగా వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల్లాంటి జీవులు) పెరిగాయని లెక్క. 2013లో మొదలైన సెక్కీ డిస్క్ స్టడీ నావికుల నుంచి ఈ అంకెలను ఫోన్ యాప్‌లో తీసుకుంటోంది. కొలత తేడా వస్తే చాలామంది తమ చూపును అనుమానిస్తారు. ముందు తాడును చూడండి.

తాడు ఏటవాలుగా పోతోంది

పడవ ఇంకా కదులుతోంది, లేదా బరువు చాలడం లేదు. తాడు 30 డిగ్రీలు వాలితే 20 మీటర్లు వదిలినా అసలు లోతు 17.3 మీటర్లే. లెక్కగట్టి సరిదిద్దవచ్చు గానీ నీటిలో తాడు తిన్నగా ఉండదు, వంపు తిరుగుతుంది. ఆ కొలత వదిలేయడమే నయం.

పడవ ముందుభాగంలోని చిన్న చాపను గాలి వచ్చే వైపుకు లాగి కట్టి, చుక్కాని కర్రను గాలి పోయే వైపుకు నెట్టి కట్టేస్తే పడవ దాదాపు నిలబడుతుంది. అయినా గాలివాటున కాస్త జారుతుంది. అందుకే గాలి పోయే వైపు నుంచి దించితే తాడు పడవ అడుగుకు చేరుతుంది. గాలి వచ్చే వైపు నుంచే దించాలి. అప్పటికీ వాలుతుంటే పళ్లెం కింద ఇంకో కిలో సీసం కట్టండి.

తళతళల్లో పళ్లెం కనబడదు

ఎండ వైపు నిలబడ్డారు. నీడ వైపుకు మారండి. నీడ వైపు, గాలి వచ్చే వైపు వేర్వేరుగా ఉంటే పడవను రెండో వైపుకు తిప్పి మళ్లీ నిలపండి, రెండూ ఒకే పక్కకు వచ్చే అవకాశం ఉంది. నల్ల కళ్లద్దాలు తీసేయాలి, తళతళను తగ్గించే పోలరైజ్డ్ రకమైనా సరే. ఉదయం 10, మధ్యాహ్నం 2 మధ్యే కొలవండి.

ప్రతిసారీ మీటరు అటూ ఇటూగా ఎక్కువ వస్తోంది

తాడును పడవ అంచు దగ్గర చదువుతున్నారు. కొలత నీటి మట్టం నుంచి మొదలవ్వాలి. అంచు దగ్గర తాడుకు బట్టల క్లిప్పు పెట్టి, అంచు నుంచి నీటికున్న ఎత్తు తీసేయండి: 9.6 లోంచి 1.2 పోతే 8.4 మీటర్లు. అలలుంటే మట్టాన్ని మధ్యస్థంగా తీసుకోండి. సున్నా గుర్తు పళ్లెం పైముఖం దగ్గరుండాలి, ముడి దగ్గర కాదు.

కొత్తలో సరిగ్గా ఉండి, తర్వాత తప్పుతోంది

నైలాన్ తాడు తడిస్తే పొడవు మారుతుంది. పాలిస్టర్ తాడును రాత్రంతా నానబెట్టి, బరువు కట్టి వేలాడదీసి, అప్పుడు 20 సెంటీమీటర్లకో గుర్తు పెట్టండి. పళ్లెం పసుపెక్కితే మెరుపులేని తెల్ల పెయింటు వేయాలి.

ఇద్దరు చూస్తే రెండు అంకెలు

మాయమైన చోట ఆపి, కొద్దిగా పైకి లాగి, కనబడ్డాక నెమ్మదిగా మళ్లీ దించండి. తేడా అర మీటరు దాటితే మొదటి నుంచీ కొలవండి.

తాడు అయిపోయినా పళ్లెం కనిపిస్తూనే ఉంది

నీళ్లు నిజంగానే తేటగా ఉన్నాయి. 1986లో అంటార్కిటికా దగ్గరి వెడెల్ సముద్రంలో దాదాపు 80 మీటర్లు నమోదైంది. నడిసముద్రానికి 50 మీటర్ల తాడు పెట్టుకోండి. అడుగు తగిలితే మాత్రం అది కొలతే కాదు.

అంకె మరీ చిన్నది

గోదావరి ముఖద్వారం లాంటి చోట కనబడకుండా చేసేది ఒండ్రు మట్టి, ప్లవకాలు కాదు. తీరానికి కనీసం కిలోమీటరు దూరంలో, 25 మీటర్లకు మించిన లోతులో కొలవండి.

మ్యాపులో చుక్క రేవులో పడింది

కొలత ఒడ్డుకొచ్చాక ఎక్కించారు. జీపీఎస్‌కు సిగ్నల్ టవర్లు అక్కర్లేదు కనుక నడిసముద్రంలోనే యాప్‌లో నమోదు చేయండి, నెట్ దొరికాక పంపవచ్చు. ఫోన్ తీయలేని పరిస్థితిలో సమయం, అక్షాంశ రేఖాంశాలు పెన్సిల్‌తో పుస్తకంలో రాయండి. తడిస్తే పెన్ను రాత చెదిరిపోతుంది.