లైనక్స్ నెట్‌వర్కు స్వయంశిక్షణ, 7వ పాఠం: ఆ అంకె ఎవరు రాశారు?

ఆరో పాఠం చివర ‘ఐపీ లింక్’ ఆదేశాన్ని గణాంకాల ఐచ్ఛికంతో నడిపి, ‘డ్రాప్డ్’ అన్న గడి, అంటే పారేసిన ప్యాకెట్ల (నెట్‌వర్కులో వచ్చే సమాచార ముక్కల) లెక్క, చూడమని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని ఫలితం పది రోజులుగా అనుభవిస్తున్నాను. ఒకరు అంకె 14,000 దాటిందని కొత్త కేబుల్ కొన్నారు. ఇంకొకరు సర్వర్‌ను మూడుసార్లు రీబూట్ చేశారు. ప్రతిసారీ అంకె సున్నా అయింది, ప్రతిసారీ మళ్లీ పెరిగింది. మరొకరు రింగ్ బఫర్‌ను (కార్డుకు వచ్చిన ప్యాకెట్లు యంత్రం తీసుకునేదాకా ఆగే చోటును) 256 నుంచి 4096కు పెంచి, ఏమీ మారలేదు కాబట్టి పాఠమే తప్పని తేల్చారు. పాఠం తప్పు కాదు, సగమే చెప్పాను. మిగతా సగం ఈ రోజు. సాకెట్ల గురించి, అంటే ప్రోగ్రాములు నెట్‌వర్కుతో మాట్లాడే ద్వారాల గురించి, రాయాలనుకున్నది అభ్యాసంలోకి కుదించాల్సి వచ్చింది.

ముందు రీబూట్ సంగతి. ఆ గడిలో ఉండేది యంత్రం లేచిన దగ్గర్నుంచి పోగవుతున్న మొత్తం. 14,000 ఒక్క పూటలో వచ్చిందో, ఎనిమిది నెలల్లో వచ్చిందో దాన్ని చూసి చెప్పలేం. ఇప్పుడొకసారి, నిమిషం తర్వాత ఒకసారి చూసి తేడా తీయండి. ‘వాచ్’ ఆదేశాన్ని చిన్న డి ఐచ్ఛికంతో నడిపితే మారిన అంకెలను ప్రత్యేకంగా చూపిస్తుంది, కావాలంటే వాడుకోండి. నేను మాత్రం కాగితం మీదే రాసుకుంటాను. రాసిన అంకె గుర్తుంటుంది, తెర మీద మెరిసింది గుర్తుండదు.

కేబుల్ కొన్నవారిని ఆ తేడా తీసి పంపమన్నాను. నిమిషానికి సరిగ్గా 30. ఆ లెక్కన 14,000 కావడానికి ఎనిమిది గంటలు కూడా పట్టదు. మళ్లీ చూడమన్నాను. మళ్లీ 30. చెడిపోయిన కేబుల్‌కు ఇంత క్రమశిక్షణ ఉండదు.

ఈ 30 నాకు పాత పరిచయం. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక సర్వర్ ఇలాగే రెండు సెకన్లకు ఒక ప్యాకెట్టు పోగొట్టుకునేది. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను, కార్డు కూడా మార్చించాను. పోతున్నదేమిటో పట్టుకుందామని, వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెడితే లెక్క అక్కడికక్కడే ఆగిపోయేది. తీసేయగానే మళ్లీ మొదలు. పోలీసు జీపు కనబడగానే పేకాట సర్దేసినట్టు. రెండు రాత్రులు పోయాయి.

సంగతి ఇది. 2011 జనవరిలో వచ్చిన 2.6.37 కెర్నల్ (లైనక్స్ కేంద్ర భాగం) నుంచి ‘డ్రాప్డ్’ అన్న మాటకు అర్థం విస్తరించింది. వచ్చిన ప్యాకెట్టును కెర్నల్ చేతిలోకి తీసుకుని, ఈ ప్రొటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి) ఎవరికి కావాలని చూస్తుంది. ఎవరూ లేకపోతే పారేసి, ఆ గడిలో ఒకటి కలుపుతుంది. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకునే ఎస్‌టీపీ సందేశాలు మామూలుగా రెండు సెకన్లకొకటి వస్తాయి. అవి మీ సర్వర్‌కు అక్కర్లేదు. అంటే నిమిషానికి 30. పక్క పరికరాలకు తమను పరిచయం చేసుకునే ఎల్‌ఎల్‌డీపీ సందేశాలైతే సాధారణంగా 30 సెకన్లకొకటి, నిమిషానికి 2. మీరు ఏర్పాటు చేసుకోని వీల్యాన్ (ఒకే తీగల మీద విడదీసిన వేరే నెట్‌వర్కు) ముద్రతో వచ్చినవీ ఇందులోనే పడతాయి. టీసీపీడంప్ నడుస్తుంటే, ఏది వచ్చినా నాకివ్వమని చెయ్యెత్తేవాడు ఒకడు ఉన్నట్టే. అనాథ ప్యాకెట్టు అనేదే ఉండదు కాబట్టి లెక్క ఆగుతుంది. నా రెండు రాత్రులకు అదీ కారణం.

కాబట్టి తేడా గడియారంలా నడుస్తుంటే, మీ ట్రాఫిక్ పెరిగినా తగ్గినా మారకుండా ఉంటే, వదిలేయండి. ట్రాఫిక్‌తో పాటు పెరుగుతుంటేనే మన పని మొదలు.

రింగ్ బఫర్ పెంచినవారికి ఒక మాట. చివరి ఆయకట్టుకు నీరందకపోతే రైతు కాలువ గట్టు మీద నడిచి ఏ తూము దగ్గర తగ్గిందో చూస్తాడు. ఇంట్లో కూర్చుని జలాశయం గేట్లు ఎత్తించడు. ప్యాకెట్టు దారిలోనూ తూములున్నాయి, ప్రతిదానికీ వేరే లెక్కల పుస్తకం ఉంది. మొదటిది కార్డు. ‘ఈటీహెచ్‌టూల్’ను పెద్ద ఎస్ ఐచ్ఛికంతో నడపండి. సీఆర్‌సీ లోపాలు (దారిలో చెడిపోయి వచ్చినవి) పెరుగుతుంటే కేబుల్‌నో, కనెక్టర్‌నో, అవతలి పోర్టునో అనుమానించండి. ‘మిస్డ్’, ‘నో బఫర్’ లాంటి పేర్లు పెరుగుతుంటే రింగ్ నిండిపోతోంది, పెంచాల్సింది అప్పుడే. పేర్లు డ్రైవర్‌ను బట్టి మారతాయి. రెండోది ప్రాక్ డైరెక్టరీలో నెట్ కింద ఉండే సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైలు. ప్రాసెసర్‌కు ఒక వరుస, అంకెలన్నీ హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే పద్ధతిలో). రెండో నిలువు గడి పోయినవి. మూడో గడి పెరిగితే పోయినట్టు కాదు, ఆ విడతకు ఇచ్చిన ప్యాకెట్ల కోటా గానీ సమయం గానీ చాలక పని తర్వాతి విడతకు మిగిలిందని. ఆ తర్వాత ఫైర్‌వాల్, రూటింగ్. కనెక్షన్ల పట్టిక నిండితే కెర్నల్ చిట్టాలో ‘టేబుల్ ఫుల్’ అని స్పష్టంగా రాస్తుంది. రెండు నెట్‌వర్కు కార్డులున్న యంత్రమైతే రివర్స్ పాత్ ఫిల్టర్ లెక్క కూడా చూడండి. వచ్చిన దారి ఒకటి, జవాబు వెళ్లే దారి ఇంకొకటి అయితే అది నోరెత్తకుండా పారేయవచ్చు. చివరిది సాకెట్. ఈ చివరి రెండింటికీ నేను ‘ఎన్‌స్టాట్’ వాడతాను. పోయినసారి నడిపినప్పటి నుంచి వచ్చిన తేడా అదే తీసి ఇస్తుంది. నెట్‌స్టాట్ అలవాటున్నవారు దాన్నే వాడుకోవచ్చు, నాతో వాదించకుండా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. టీసీపీడంప్ ఆపగానే కింద మూడు వరుసలు వస్తాయి. మూడోది ‘కెర్నల్ వదిలేసిన ప్యాకెట్లు’ అంటుంది. దాన్ని ఫోటో తీసి, “కెర్నలే ఒప్పుకుంది చూడండి” అని పంపినవారు నలుగురు. కెర్నల్ ఏమీ ఒప్పుకోలేదు. టీసీపీడంప్ చేతికి వచ్చేది నకలు. అసలు ప్యాకెట్టు తన దారిన తాను పోతుంది. నకళ్లు పెట్టే బఫర్ నిండితే కెర్నల్ కొత్త నకలు తీయడం మానేస్తుంది. ఆ మూడో వరుస అంకె అదే. పెళ్లిలో ఫోటోగ్రాఫర్ కెమెరా నిండిపోతే అతిథులు రానట్టా? ఫోటోలో పడనివారు కూడా భోజనం చేసే వెళ్లారు. ఆ అంకె ఎక్కువగా ఉంటే దెబ్బతిన్నది మీ సాక్ష్యం. అంటే ఫైలులో ఒక ప్యాకెట్టు కనబడలేదని చెప్పి అది రాలేదని అనడానికి లేదు. పేర్లు వెతకొద్దని చిన్న ఎన్ ఇవ్వండి, తెర మీద చూపించకుండా ఫైలుకు రాయించండి, అవసరమైన పోర్టునే అడగండి, చాలకపోతే పెద్ద బి తో బఫర్ పెంచండి. అంకె సున్నా అయ్యాకే ఆ ఫైలు నాకు చూపించండి.

దీని కవల ఇంకోటుంది. “టీసీపీడంప్‌లో కనబడింది, కాబట్టి ప్రోగ్రాముకు అందింది.” అందలేదు. లోపలికి వచ్చే దారిలో టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందు నిలబడుతుంది. అది చూసిన ప్యాకెట్టును తర్వాత ఫైర్‌వాల్ పారేయవచ్చు, రివర్స్ పాత్ ఫిల్టర్ పారేయవచ్చు, సాకెట్ బఫర్ నిండి పోవచ్చు. బయటికి వెళ్లే దారిలో ఫైర్‌వాల్ తర్వాత నిలబడుతుంది. అక్కడ కనబడకపోతే మీ సొంత ఫైర్‌వాలే ఆపి ఉండవచ్చు. రెండు దిక్కులకూ ఒకే తీర్పు చెప్పకండి.

అభ్యాసం ఒకటే, కానీ గంట పడుతుంది. ఒక యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) సాకెట్ తెరిచి, పోర్టుకు కట్టి, ఏమీ చదవకుండా నిద్రపోయే చిన్న ప్రోగ్రాము పైథాన్‌లో రాయండి. అదే యంత్రం నుంచి దానికి 100 బైట్ల సందేశాలు 2,000 పంపండి. స్వీకరణ బఫర్ డీఫాల్ట్ చాలా యంత్రాల్లో 2,12,992 బైట్లు. మీ దాంట్లో ఎంతో ముందు చూసుకోండి. మీరు పంపేది మొత్తం 2,00,000 బైట్లు. లెక్క ప్రకారం అన్నీ పట్టాలి. పంపే ముందు, పంపిన తర్వాత ఎన్‌స్టాట్‌లో యూడీపీ స్వీకరణ బఫర్ లోపాల తేడా తీయండి. ప్రోగ్రాము ఇంకా నిద్రలో ఉండగానే ‘ఎస్‌ఎస్’ ఆదేశంలో ఆ సాకెట్ మెమరీ వివరాలు తెప్పించి, ‘డి’ (ఆ సాకెట్ దగ్గర పోయినవి) పక్కన ఉన్న అంకెతో పోల్చండి. నిజంగా పట్టినవి ఎన్నో తేలాక, బఫర్ పరిమాణాన్ని ఆ సంఖ్యతో భాగించండి. 100 బైట్ల సందేశానికి కెర్నల్ తన సొంత బరువు కూడా కలిపి ఎన్ని బైట్లు లెక్క కడుతోందో వస్తుంది. తర్వాత సందేశాన్ని 1 బైటుకు తగ్గించి, ఆపైన 1,000 బైట్లకు పెంచి, మళ్లీ చేయండి. మూడు జవాబులూ, మీరు ముందుగా ఊహించిన అంకెలతో సహా పంపండి. ఊహ రాయకుండా జవాబు మాత్రమే పంపితే దిద్దను.