ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి ఐదు నిమిషాలు పడుతోందా?

ముందు ఆలస్యం ఎక్కడో పట్టుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ ట్యాబ్‌లో పైన కుడివైపు ‘లాస్ట్ బయాస్ టైమ్’ చూడండి; విండోస్ మొదలయ్యేలోపు మెషీన్ సిద్ధం కావడానికి పట్టిన సమయం అది. అది 20 సెకన్లు దాటితే తప్పు విండోస్‌ది కాకపోవచ్చు. పెన్‌డ్రైవ్, ప్రింటర్ కేబుల్ పీకేసి మళ్లీ ఆన్ చేయండి.

అదే ట్యాబ్‌లో ‘స్టార్టప్ ఇంపాక్ట్’ కింద ‘హై’ అని ఉన్నవాటిని రైట్ క్లిక్‌తో డిజేబుల్ చేయండి. గేమ్ లాంచర్లు, చాటింగ్ యాప్‌లు ఆపినా నష్టం లేదు. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్ జోలికి మాత్రం పోవద్దు.

పాత మెషీన్లలో అసలు దొంగ హార్డ్ డిస్కే. డెస్క్‌టాప్ వచ్చాక కూడా పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్కు నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే ఉండి, పక్కన ‘హెచ్‌డీడీ’ (అంటే హార్డ్ డిస్క్) అని కనిపిస్తే ఇక సెట్టింగులతో కుస్తీ దండగ. దాని బదులు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్కు) వేయించండి. ర్యామ్ పెంచమంటారు చాలామంది; బూటింగ్‌కి దాంతో పెద్ద తేడా రాదు. డిస్కును క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేస్తే, విండోస్ మళ్లీ ఎక్కించక్కర్లేదు; పాతదాంట్లో ఉన్న డేటా కొత్తదాంట్లో పట్టితే చాలు. పాత డిస్కు నుంచి టకటక శబ్దం వస్తోందా? క్లోనింగ్ కన్నా ముందు ఫొటోలు, ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. చావుకు దగ్గరైన డిస్కు క్లోనింగ్ బరువుకే ఆగిపోవచ్చు.

ఇప్పటికే ఎస్ఎస్‌డీ ఉంటే సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంచి, షట్‌డౌన్ బదులు ఓసారి రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ అనే విండోస్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌తో విండోస్ పూర్తిగా కొత్తగా మొదలవదు.