ఒకే పేరున్న ప్రముఖులను విడదీసి రాయడం ఎలా

"గోపీచంద్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే చదివేవారిని బట్టి మనిషి మారిపోతాడు. నవలలు చదివేవారికి త్రిపురనేని గోపీచంద్ గుర్తొస్తారు, బ్యాడ్మింటన్ చూసేవారికి పుల్లెల గోపీచంద్. సినిమా హీరో తొట్టెంపూడి గోపీచంద్ ఉన్నారు, దర్శకుడు మలినేని గోపీచంద్ ఉన్నారు. వికీపీడియాలో వ్యాసం రాసినా, పుస్తకం చివర పేర్ల సూచిక తయారుచేసినా, గ్రంథాలయంలో పుస్తకాల జాబితా సర్దినా, క్విజ్‌కు ప్రశ్నలు కూర్చినా ఈ చిక్కు ఎదురవుతుంది. సరిగా విడదీయకపోతే ఒకరి పుస్తకం ఇంకొకరి ఖాతాలో పడుతుంది, ఒకరి పుట్టినరోజున ఇంకొకరి ఫొటో అచ్చవుతుంది. ఒక మనిషి జీవితకాలపు పని పక్కవారి పేరు కింద చేరడం చిన్న తప్పు కాదు.

చాలామంది ముందుగా వృత్తితో విడదీయబోతారు: రచయిత, క్రీడాకారుడు, నటుడు, దర్శకుడు. తెలుగు పేర్లకు ఇది తప్పు ఆరంభం. మనకు ఇంటిపేరు ఉంది. దాన్ని పూర్తిగా రాయడం మొదటి మెట్టు. అది చాలనప్పుడే వృత్తి, అదీ చాలనప్పుడు సంవత్సరం.

ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరం వద్దు

"టి. గోపీచంద్" అని రాస్తే త్రిపురనేనీ కావచ్చు, తొట్టెంపూడీ కావచ్చు. జానకి విషయంలోనూ అంతే. గాయని ఎస్. జానకి అందరికీ తెలుసు. షావుకారు జానకి ఇంటిపేరు శంకరమంచి, కాబట్టి ఆవిడ కూడా ఎస్. జానకే. 1950 నాటి "షావుకారు" సినిమా పేరే ఆవిడ పేరు ముందు స్థిరపడబట్టి మనం ఇద్దరినీ కలిపెయ్యకుండా ఉన్నాం. ఇలా జనం వాడుకలో గట్టిపడిన పేరు ఉంటే శీర్షికలో దాన్నే ఉంచండి, అసలు ఇంటిపేరు వ్యాసం మొదటి వాక్యంలో చెప్పండి. జనానికి తెలియని పేరును శీర్షికకు ఎక్కించి "ఇదే అసలైనది" అనడం వల్ల ఎవరికీ మేలు లేదు.

పొడి అక్షరమే నిలబడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. సి. పుల్లయ్య, పి. పుల్లయ్య ఇద్దరూ తొలితరం సినీ దర్శకులే. "పుల్లయ్య (దర్శకుడు)" అని రాస్తే ఏమీ తేలదు. ఇక్కడ ఆ ఒక్క అక్షరమే ఇద్దరినీ విడదీస్తుంది. అయినా జాబితాలో చిత్తజల్లు పుల్లయ్య, పోలుదాసు పుల్లయ్య అని పూర్తిగా రాయండి. అచ్చులో "సి", "పి" తారుమారైతే పట్టుకోవడానికి వేరే ఆధారం ఉండదు.

స్త్రీల పేర్ల దగ్గర ఇంటిపేరు ఒక్కోసారి మోసం చేస్తుంది. పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకోచోట, భర్త పేరు చేర్చుకున్నది మరోచోట కనిపిస్తుంది. పి. భానుమతి, భానుమతీ రామకృష్ణ ఒక్కరే. పాలువాయి ఆవిడ అత్తింటి ఇంటిపేరు. ఇద్దరనుకుని రెండు వరుసలు వేసిన జాబితా తప్పు జాబితా. అందుకే వరుస వేసే ముందు ఆ మనిషి పేరు ఎన్ని రూపాల్లో అచ్చయిందో ఒక కాగితం మీద రాసుకోండి. కొన్ని రూపాలు ఒకే మనిషివని తేలవచ్చు. ఒకే రూపం ఇద్దరిదనీ తేలవచ్చు.

విదేశాల్లో ఉన్న తెలుగువారి పత్రాల్లో, ఆంగ్ల పత్రికల్లో, సినిమా టైటిళ్లలో ఇంటిపేరు వెనక్కి వెళుతుంది. "గోపీచంద్ మలినేని" అన్నది మలినేని గోపీచందే. జాబితా అంతా ఒకే వరుసలో, ఇంటిపేరు ముందుగా పెట్టండి. వాడుకలో ఉన్న రెండో వరుసకు ఒక దారిమార్పు (ఆ పేరుతో వెతికినవారిని అసలు పేజీకి తీసుకెళ్లే లింకు) పెడితే సరిపోతుంది.

వృత్తి ఎక్కడ చాలదు

త్రిపురనేని గోపీచంద్‌ను రచయితగానే గుర్తుంచుకుంటాం. కానీ ఆయన "లక్ష్మమ్మ" (1950), "ప్రియురాలు" (1952) సినిమాలకు దర్శకుడు కూడా. అంటే "గోపీచంద్ (సినీ దర్శకుడు)" అన్న శీర్షిక ఆయనకూ సరిపోతుంది, మలినేనికీ సరిపోతుంది. ఇద్దరి మధ్య అరవై ఏళ్ల దూరం ఉన్నా, సినిమాల జాబితాను యంత్రం పోగుచేస్తే రెండూ ఒకే కుప్పలో పడతాయి.

చలం సంగతీ ఇలాంటిదే. "మైదానం" రాసిన గుడిపాటి వెంకటచలం (1894–1979) ఒకరు, "మట్టిలో మాణిక్యం" (1971) కథానాయకుడు చలం మరొకరు. "సినిమా చలం" అంటే నటుడే అని తీర్మానించడానికి లేదు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన "మాలపిల్ల" (1938) కథ రచయిత చలానిది. కాబట్టి ఆయన పేరూ టైటిళ్లలో ఉంటుంది.

వృత్తిని గుర్తుగా వాడేముందు ఈ పరీక్ష పెట్టండి: ఆ పేరున్న మిగతావారిలో ఎవరైనా ఆ పని ఒక్కసారైనా చేశారా? చేసి ఉంటే ఆ గుర్తు పనికిరాదు. "రచయిత", "సినిమా", "రాజకీయాలు" తెలుగునాట తరచు ఒకదాని మీద ఒకటి ఎక్కే రంగాలు. "బ్యాడ్మింటన్", "జీవరసాయన శాస్త్రం" లాంటివి నిలుస్తాయి.

ఇంటిపేరుతో సహా కలిసిపోతే

అన్నిటికంటే కఠినమైనది తారక రామారావుల ముడి. ముగ్గురున్నారు. నందమూరి తారక రామారావు 1923 మే 28న పుట్టారు, 1996 జనవరి 18న పోయారు. ఆయన మనవడు, 1983 మే 20న పుట్టిన నటుడు, పూర్తి పేరు అక్షరం తేడా లేకుండా నందమూరి తారక రామారావే. 1976లో పుట్టిన కల్వకుంట్ల తారక రామారావు, అంటే కేటీఆర్, మూడోవారు.

కేటీఆర్‌ను ఇంటిపేరు విడదీస్తుంది. తాతామనవళ్లను ఇంటిపేరు విడదీయదు. "నటుడు" అంటే ఇద్దరూ నటులే. "రాజకీయ నాయకుడు" అంటే పెద్దాయనా, కేటీఆరూ వస్తారు. పెద్దాయన రెండు రంగాల్లోనూ ఉండటం వల్ల ఏ ఒక్క వృత్తి పదమూ ముగ్గురినీ విడదీయలేదు. పుట్టిన నెల కూడా ఇద్దరికి ఒకటే. పైగా 1983 అన్న అంకె ఇద్దరికీ అంటుకుంటుంది: ఆ జనవరిలో తాత ముఖ్యమంత్రి అయ్యారు, ఆ మే నెలలో మనవడు పుట్టాడు. సంవత్సరం ఒక్కటే చూసి వరుసలు సర్దితే ఇక్కడే తప్పుతారు. శీర్షికలో "జూనియర్ ఎన్టీఆర్" అని పెట్టి, పూర్తి పేరు లోపల చెప్పడం ఒక్కటే శుభ్రమైన దారి. జాబితాలో ఇద్దరి జనన సంవత్సరాలూ తప్పనిసరి.

ఎవరిని చేర్చాలి, ఎవరిని వద్దనాలి

పేరులో "సుబ్బారావు" ఉన్న ప్రతి ప్రముఖుణ్ణీ చేరిస్తే ఆ జాబితాకు అంతుండదు. చేర్చడానికి కొలత ఒకటే: ఆ మనిషిని ఎవరైనా ఆ ఒక్క పేరుతో వెతుకుతారా? ఎల్లాప్రగడ సుబ్బారావును వెతుకుతారు. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి శాస్త్ర గ్రంథాల్లో ఆ పేరుతోనే ఉంది. ఎంకి పాటల కవిని నండూరి అంటాం, "తృణకంకణం" కవిని రాయప్రోలు అంటాం. వారిద్దరినీ చేర్చినా తప్పులేదు, కానీ వారి అసలు చోటు ఇంటిపేరు జాబితాలో.

తెలుగులో రెండు రకాల జాబితాలు కావాలి. సాహిత్యంలో ఉన్నవారిని ఇంటిపేరుతో పిలవడం మనకు అలవాటు, ఆటల్లో, సినిమాల్లో ఉన్నవారిని ఎక్కువగా సొంత పేరుతో పిలుస్తాం. అందువల్ల "వేటూరి" అన్న మాట కింద పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950), సినీకవి వేటూరి సుందరరామమూర్తి (1936–2010) ఇద్దరూ ఉండాలి. "దాశరథి" కింద అన్నదమ్ములు కృష్ణమాచార్య (1925–1987), రంగాచార్య (1928–2015) ఉండాలి. బంధుత్వం గట్టిగా తెలిస్తేనే రాయండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు.

కలం పేరుతోనే తెలిసినవారిని అసలు పేరు జాబితాలోకి లాగకండి. చిత్రకారుడు, దర్శకుడు బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. అంతమాత్రాన ఉన్నవ లక్ష్మీనారాయణ పక్కన ఆయన్ను నిలబెట్టక్కర్లేదు. ఆయన చోటు "బాపు" అన్న మాట దగ్గర, గాంధీజీ పక్కన.

ఇద్దరే ఉంటే విడిగా జాబితా అక్కర్లేదు. ఒక్కో వ్యాసం తలమీద ఒక వాక్యం చాలు: "ఇది నటుడు చలం గురించి. రచయిత కోసం గుడిపాటి వెంకటచలం చూడండి." ఇద్దరు దాటితే జాబితా పెట్టండి. తెలుగు వికీపీడియాలో దీన్ని అయోమయ నివృత్తి పేజీ అంటారు.

వరుస ఇలా రాయండి

పూర్తి పేరు, కుండలీకరణాల్లో జనన మరణ సంవత్సరాలు, రంగం, ఆ మనిషిని వెంటనే గుర్తుపట్టించే ఒక్క సంగతి. పది పన్నెండు మాటలు దాటనివ్వకండి. పొగడ్త మాటలు ("సుప్రసిద్ధ", "విలక్షణ") తీసేయండి. అవి అందరికీ సరిపోతాయి కాబట్టి ఎవరినీ విడదీయవు.

త్రిపురనేని గోపీచంద్ (1910–1962): రచయిత, సినీ దర్శకుడు, "అసమర్థుని జీవయాత్ర" నవల.
పుల్లెల గోపీచంద్ (జననం 1973): బ్యాడ్మింటన్ క్రీడాకారుడు, కోచ్, 2001 ఆల్ ఇంగ్లండ్ విజేత.
తొట్టెంపూడి గోపీచంద్ (తొలి సినిమా 2001): నటుడు, దర్శకుడు టి. కృష్ణ కుమారుడు.
మలినేని గోపీచంద్ (తొలి సినిమా 2010): సినీ దర్శకుడు, "డాన్ శీను", "క్రాక్".

వరుస కాలాన్ని బట్టి ఉండాలి. పేరుప్రఖ్యాతులను బట్టి పేర్చితే ప్రతి కొత్త సినిమాకూ, ప్రతి పతకానికీ జాబితా మార్చాల్సి వస్తుంది, అభిమానుల మధ్య తగవు కూడా వస్తుంది. పుట్టిన సంవత్సరం గట్టిగా తేలకపోతే ఊహించి వేయకండి, పైన చేసినట్టు తొలి సినిమా లేదా తొలి పుస్తకం ఏడాది వేయండి.

ఏ అదనపు గుర్తూ లేని ఉత్త పేరును ఎవరికి ఇవ్వాలన్నది తరచు వచ్చే ప్రశ్న. "చలం" అన్న మాటను రచయితకే ఇవ్వడం న్యాయం, ఆయన ఆ ఒక్క మాటతోనే ముద్రపడ్డారు. "గోపీచంద్" మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఆ పేరు జాబితాకే ఉండాలి.

అక్షరాల దగ్గర జారేవి

గోపీచంద్, గోపిచంద్, దాశరథి, దాశరధి, రాజేంద్రప్రసాద్, రాజేంద్ర ప్రసాద్. వెతికే యంత్రానికి ఇవన్నీ వేరు మాటలు. ఒక రూపం స్థిరం చేసుకుని మిగతావాటికి దారిమార్పులు పెట్టండి.

కంటికి కనపడని తేడా ఇంకొకటుంది. "గోపీచంద్‌కు" అని రాసేటప్పుడు పొల్లు తర్వాత ఒక అదృశ్య అక్షరం పడుతుంది (యూనికోడ్‌లో 200సి). అది లేకపోతే "ద్కు" అని ఒత్తు పడిపోతుంది, కాబట్టి అక్కడ అది కావలసిందే. కానీ విభక్తిని చెరిపేసి పేరును మాత్రం తీసుకుని శీర్షికలో అతికిస్తే ఆ అక్షరం పేరు చివర అంటుకుని ఉండిపోతుంది. చూడటానికి రెండు శీర్షికలూ ఒకటే, లింకు మాత్రం కలవదు. శీర్షికలను అతికించకుండా చేత్తో టైపు చేయండి.

తనిఖీ

ప్రతి సంగతికీ ముందు కాలం చూడండి. ఆ ఏడాదికి ఆ మనిషి వయసెంత? 1938 సినిమాకు, 1971 సినిమాకు మధ్య ఉన్న దూరమే ఇద్దరు చలాలను విడదీస్తుంది. అయితే కాలాన్ని గుడ్డిగా నమ్మకూడదు. "పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా"కు సాహిత్య అకాడమీ పురస్కారం 1963లో వచ్చింది, త్రిపురనేని గోపీచంద్ 1962లోనే పోయారు. మరణానంతర పురస్కారం అని తెలియక "ఇది ఇంకో గోపీచంద్ అయ్యుంటుంది" అని కొట్టేస్తే ఆయన మకుటమే తీసేసినట్టవుతుంది.

పద్మ పురస్కారాలను పేరు కలిసిందని కాకుండా రంగం, సంవత్సరం రెండూ కలిసినప్పుడే రాయండి. గాయని ఎస్. జానకి 2013లో పద్మభూషణ్ వద్దన్నారు. షావుకారు జానకికి 2022లో పద్మశ్రీ వచ్చింది. "జానకికి పద్మ" అన్న శీర్షిక చూసి రాసేవారు ఈ రెండిటినీ అతికిస్తారు.

ఫొటోను వార్తా వెతుకులాటలో మొదట వచ్చినదని తీసుకోకండి. ఫొటో కింద ఇంటిపేరు, సందర్భం, తేదీ మూడూ ఉంటేనే వాడండి.

జాబితా పెట్టాక పాత వ్యాసాల్లో ఉత్త పేరుకు ఉన్న లింకులు ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. సినిమా వ్యాసంలో "రాజేంద్ర ప్రసాద్" మీద నొక్కితే తొలి రాష్ట్రపతి దగ్గరికి వెళ్లే లింకులు ఇప్పుడే దొరుకుతాయి. వాటిని నటుడు గద్దె రాజేంద్ర ప్రసాద్‌కో, జగపతి సంస్థ అధినేత వి. బి. రాజేంద్ర ప్రసాద్‌కో మళ్లించాలి. సినిమా విడుదలైన ఏడాది, ఆ వాక్యంలో ఉన్న పని (నటనా, నిర్మాణమా, దర్శకత్వమా) చూస్తే చాలావరకు తేలిపోతుంది. అప్పటికీ ఎవరో తేలని లింకును ఊహ మీద ఒకరికి కట్టబెట్టకుండా జాబితాకే వదిలేయండి.