పెరట్లో బయటపడిన తుప్పు ఇనుమును బాగుచేయడం ఎలా?

కొబ్బరి మొక్కకు గొయ్యి తీస్తున్నప్పుడో, పాత కొట్టం పునాది పెకలిస్తున్నప్పుడో, ఎండాకాలంలో బావి పూడిక తీస్తున్నప్పుడో గునపానికి టంగుమని ఏదో తగులుతుంది. మట్టి దులిపితే ఎర్రటి ముద్ద. అది గొడ్డలి కావచ్చు, నాగలి కర్రు కావచ్చు, బావి గిలక కావచ్చు, నూతిలో పడిన చేదను తీసే పాతాళభేది కావచ్చు. చాలామంది దాన్ని పాత ఇనుప సామాన్ల బండికి తూచి ఇచ్చేస్తారు. దాచుకుందామనుకున్నవారి చేతుల్లో దాని గతి ఇంకా అన్యాయం. ఒకరు గ్రైండరు పెట్టి తళతళలాడేదాకా రుద్దుతారు, మరొకరు బాత్రూములు కడిగే యాసిడ్‌లో రాత్రంతా నానబెడతారు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మట్టి తినగా మిగిలిన వస్తువులను మనుషులు పాడుచేయడం చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

తుపాకీ దొరికితే మాత్రం ఈ వ్యాసం మీకు పనికిరాదు. గొట్టంలాంటిది, ట్రిగ్గరులాంటిది కనిపించగానే తవ్వకం ఆపండి. దాన్ని ఎత్తవద్దు, గొట్టంలోకి పుల్ల పెట్టి పొడవవద్దు. నోటి నుంచి మందు కూరే పాత తుపాకుల్లో మందు అలాగే ఉండిపోవచ్చు. ఆ తుపాకీ మందు ఏళ్ల తరువాత కూడా, తడి ఆరితే అంటుకుంటుంది. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాత ఆయుధాలకు ఆ చట్టంలోనే కొంత మినహాయింపు ఉంది. అయితే అది పేలుతుందా లేదా అని తేల్చుకోవలసింది మీరు కాదు. 112కు ఫోను చేసి పోలీసులకు అప్పగించండి. అలాగే నాణేల కుండో, విగ్రహమో, పాత కత్తో బయటపడితే కలెక్టరు కార్యాలయానికి తెలపాలి. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది.

ఇక మన గొడ్డలి, గిలకల సంగతి. సోడా నీళ్లలో కరెంటు పారించి తుప్పు వదిలించడమే మన పద్ధతి.

కావలసినవి తేలికగా దొరికేవే. 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, బట్టల సోడా, నాలుగు ఇనుప చువ్వలు, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు, రాగి తీగ, రబ్బరు చేతితొడుగులు, ఇత్తడి బ్రష్షు, అవిసె నూనె. ఛార్జరు పాత రకానిది, బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది కావాలి. ఇప్పుడు వస్తున్న ఆటోమేటిక్ ఛార్జర్లు చాలావరకు ఎదురుగా బ్యాటరీ కనబడకపోతే కరెంటే వదలవు. మెకానిక్కు షెడ్లలో పాతవి దొరుకుతాయి.

వస్తువును ముందు నీళ్లలో నానబెట్టి, వెదురు పుల్లతో మట్టి తీయండి. ఇనుముతో గీకవద్దు. తరువాత లోపల లోహం మిగిలిందో లేదో చూడాలి. అయస్కాంతం అంటుకుందని సంబరపడవద్దు. తుప్పులో ఉండే నల్లటి పొర కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. చేతిలో పెట్టుకుని బరువు చూడండి, కనబడని మూల ఆకురాయితో ఒక్క గీత గీయండి. తెల్లగా మెరిస్తే లోహం ఉన్నట్టు. ఎంత గీసినా గోధుమరంగు పొడే రాలితే అది తుప్పు ముద్ద మాత్రమే. దాన్ని ఆ సోడా నీళ్లలో వేస్తే మీకు మిగిలేది బురద. అలాంటిదాన్ని ఆరబెట్టి, తేనెమైనం పూసి, ఉన్నదున్నట్టుగా గూట్లో పెట్టుకోండి.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. తొందర ఉన్నవారు ఇక్కడే చెడగొడతారు.

మనం చేయబోయేది విద్యుద్విశ్లేషణ. బకెట్టులో లీటరుకు ఐదు గ్రాముల చొప్పున బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్ కలపాలి. వంట సోడా వేరు, దాన్ని వాడవద్దు. ఉప్పు అసలే వేయవద్దు. ఉప్పు వేస్తే కరెంటు బాగా పారుతుందని ఎవరో చెబుతారు, నిజమే, పారుతుంది. దానితోపాటు క్లోరిన్ వాయువు కూడా వస్తుంది. అసలు భూమిలో ఉన్న ఇనుమును తినేదే ఆ ఉప్పు. దాన్ని బయటికి లాగడానికి ఇంత శ్రమపడుతూ మళ్లీ మనమే పోయడం ఏమిటి? నీళ్లు కూడా వాన నీళ్లే కావాలి. నేను బోరు నీళ్లు ముట్టుకోను.

బకెట్టు లోపల నాలుగు వైపులా ఇనుప చువ్వలు నిలబెట్టి, వాటి పైకొసలను తీగతో కలపండి. వస్తువు మధ్యలో వేలాడాలి, చువ్వలకు ఎక్కడా తగలకూడదు. చువ్వకు ఎదురుగా ఉన్న వైపే కరెంటు బాగా పనిచేస్తుంది. ఒక్క చువ్వతో సరిపెట్టి, వెనకవైపు శుభ్రం కాలేదని వాపోయేవారిని చాలామందిని చూశాను. చువ్వలు మామూలు ఇనుమువే అయి ఉండాలి. మెరుస్తోంది కదా, తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు చెంచానో గిన్నెనో వేలాడదీయడం ఘోరమైన తప్పు. అందులోని క్రోమియం నీళ్లలోకి దిగి విషంగా మారుతుంది. ఆ నీళ్లను పెరట్లో పారబోస్తే మట్టీ చెడుతుంది, బావీ చెడుతుంది. జింకు పూత వేసిన చువ్వలు కూడా వద్దు.

ఇప్పుడు క్లిప్పులు. నల్లది, అంటే రుణం, వస్తువుకు. ఎర్రది, అంటే ధనం, చువ్వలకు. దీన్ని మూడుసార్లు చూసుకోండి. తారుమారైతే చువ్వల బదులు మీ వస్తువే కరిగిపోతుంది. మా దగ్గరి బంధువు ఒకరు తన తాతగారి బాడిసెను ఇలాగే రాత్రంతా వదిలేశారు. తెల్లారేసరికి పదును అంచు జల్లెడైంది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. అది ఏ కమ్మరీ తిరిగి ఇవ్వలేని వస్తువు. గుర్తుపట్టడం సులువే. స్విచ్ వేసిన నిమిషంలో సన్నటి బుడగలు దట్టంగా వస్తువు మీదినుంచి లేవాలి. చువ్వల మీద ఎక్కువగా, వస్తువు మీద తక్కువగా లేస్తుంటే వెంటనే ఆపి తీగలు సరిచూడండి. క్లిప్పు పట్టే చోట తుప్పును ముందే గీకి లోహం కనిపించేలా చేయాలి, లేకపోతే కరెంటు పారదు. ఎర్ర క్లిప్పు నీళ్లలో మునగకూడదు. మునిగితే దాని రాగి కరిగి వస్తువుకు పూతలా అంటుకుంటుంది.

ఆ బుడగలు హైడ్రోజన్. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే ఈ పని వసారాలోనో చెట్టు కిందో చేయాలి, తలుపులు వేసిన గదిలో కాదు. క్లిప్పు తీయాలన్నా, చువ్వ జరపాలన్నా, నీళ్లలో వేలు పెట్టాలన్నా ముందు గోడ దగ్గర స్విచ్ ఆపాలి. ఛార్జరును పీట మీద పెట్టండి, తడినేల మీద కాదు. పిల్లలున్న ఇంట్లో రాత్రిపూట వదిలేసి పడుకోవద్దు.

రెండు నుంచి ఐదు ఆంపియర్ల దగ్గర ఉంచి ఓపిక పట్టండి. గిలకకు పది, పన్నెండు గంటలు చాలు. మందంగా పొర కట్టిన గొడ్డలికి రెండు రోజులు పడుతుంది. మూడు, నాలుగు గంటలకోసారి ఆపి, వస్తువును తీసి, నీళ్ల కింద బ్రష్షుతో రుద్ది మళ్లీ వేయండి. ఎర్ర తుప్పు పోయి మెత్తటి నల్లటి పొర మిగులుతుంది. అదే సరైన ఫలితం, వెండిలా మెరవాలని ఎదురుచూడవద్దు.

గ్రైండరు అయితే పది నిమిషాల్లో అయిపోతుంది కదా అంటారు. గ్రైండరుకు తుప్పూ లోహమూ ఒకటే, రెండింటినీ కోసేస్తుంది. కమ్మరి సుత్తి దెబ్బలు, అతను వేసిన గుర్తు అన్నీ పోతాయి. అంచు వేడెక్కి నీలం రంగుకు తిరిగిందంటే పాయన, అంటే కమ్మరి కాచి ఇచ్చిన గట్టిదనం, పోయినట్టే, ఆ గొడ్డలి ఇక పదును నిలుపుకోదు. యాసిడ్ తుప్పుతోపాటు మంచి లోహాన్నీ తినేస్తుంది, సందుల్లో మిగిలి నెల తరువాత మళ్లీ తుప్పు తెస్తుంది. చింతపండు గుజ్జు ఇత్తడి చెంబులకు మంచిది, ఇనుము మీద మచ్చలు తేలుస్తుంది. చెరకు మడ్డిలో మూడు వారాలు నానబెట్టే పద్ధతి ఒక్కటే నాకు గౌరవం కలిగించింది, కానీ ఆ వాసనను ఇంట్లోవాళ్లు భరించలేరు.

ఒకటి గుర్తుంచుకోండి. ఇత్తడి పిడి, వెండి పొదుగుడు ఉన్న కత్తులను ఈ బకెట్టులో వేయవద్దు. పాత కత్తి అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి ఉక్కు కావచ్చు. దాన్ని పురావస్తు శాఖవారికి చూపించండి.

బకెట్టులోంచి తీసిన ఇనుము ఆరుబయట నిమిషాల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. వెంటనే మరిగే నీళ్లు పోసి తుడిచి, సన్నటి మంట మీద చేయి కాలేంతవరకు మాత్రమే వేడి చేయండి. సముద్రతీరపు ఊళ్లలో దొరికిన వస్తువైతే దీనికి ముందే కొత్త సోడా నీళ్లలో నెల రోజులు ఉంచి, వారానికోసారి నీళ్లు మార్చాలి. అలా చేయకపోతే కొన్నాళ్లకు చెమట పట్టినట్టు గోధుమరంగు బొట్లు తేలతాయి, లోపల ఉప్పు మిగిలిందనడానికి అదే గుర్తు.

వేడిగా ఉండగానే అవిసె నూనె పలచగా రాసి, గుడ్డతో దాదాపు మొత్తం తుడిచేయాలి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయవద్దు, దానంతటదే అంటుకునే గుణం ఉంది. పరిచి ఆరబెట్టండి. వేరుశనగ నూనె జిగురు పడుతుంది. ఆముదం బండి ఇరుసులో కందెనకు బాగుంటుంది కానీ ఇక్కడ దుమ్ము పట్టిస్తుంది. గూట్లో పెట్టే వస్తువుకైతే తేనెమైనం చాలు.

గొడ్డలికి తుమ్మ కర్ర పిడి వేయించండి. పిడి వేయగానే మొద్దు మీద కొట్టి చూడవద్దు. హైడ్రోజన్ ఉక్కులోకి కొంత చొరబడి అంచును పెళుసు చేస్తుంది. కనీసం రెండు, మూడు రోజులు ఎండలో ఉంచి, తరువాత పచ్చి కట్టె మీద మొదలుపెట్టండి. తొలకరికి ముందు ఏటా ఒకసారి నూనె గుడ్డతో తుడవండి.